మలేరి ఎర్రమట్టిలో చిన్న డైనోసార్లు

హైదరాబాదులో చాదర్‌ఘాట్ వంతెన దాటి, కోఠి, ఆబిడ్సుల మీదుగా నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కినవారికి బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఒక బ్రహ్మాండమైన అస్థిపంజరం కానవస్తుంది. అది కోటసారస్ అనే శాకాహారి డైనోసారుది. ఉమ్మడి అదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి ప్రాంతంలో భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు త్రవ్వి తీసిన ఎముకలతో దానిని నిలబెట్టారు. ఆ శాఖకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి నామకరణం చేశారు. బడిపిల్లలు దాని కాళ్ళ చుట్టూ తిరిగి, తల ఎత్తి చూచి, ఇది మనుషులను తినేదా అని అడుగుతూ ఉంటారు. అది ఆకులు, రెమ్మలు మేసే జంతువు. పైగా అది బ్రతికిన నాటికి మనిషి పుట్టుకకు ఇంకా పదిహేను కోట్ల సంవత్సరాలకు మించిన వ్యవధి ఉన్నది.

అయితే డైనోసార్ల చరిత్ర ఇటువంటి భారీ జంతువులతో మొదలు కాలేదు. అదే గోదావరి లోయలో, కోటసారస్ దొరికిన పొరలకంటె చాలా క్రిందనున్న పొరలలో, దానికి నాలుగైదు కోట్ల సంవత్సరాల ముందు తిరుగాడిన ఒక చిన్న డైనోసారు ఎముకలు దొరికినవి. దాని పొడవు తోకతో సహా మీటరున్నరకు మించదని అంచనా. అందులో ఎక్కువ భాగం తోకే కనుక, ఒళ్ళు మాత్రం పెద్ద కోడిపుంజుకంటె ఎక్కువేమీ కాదు. కోటసారస్ కాళ్ళ సందున అది దూరిపోగలదు. దాని పేరు ఆల్‌వాకేరియా మలేరియెన్సిస్. మన దేశంలో దొరికిన డైనోసార్లలో అతి ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. అయినా దానిని చూడటానికి వరుసకట్టి నిలబడేవారు లేరు. దాని ఎముకలన్నీ ఒక చిన్న పెట్టెలో పడతాయి. పైగా ఆ పెట్టెలో ఉన్నవన్నీ దాని ఎముకలేనా అన్న సందేహం కూడా ఉన్నది. ఆ సందేహం ఎట్లా వచ్చినదో తెలుసుకుంటే, చిన్న డైనోసార్లను సేకరించటంలోని కష్టం కొంత తెలిసివస్తుంది.

ముందుగా పేరును గురించి ఒక మాట. డైనోసార్లను తెలుగులో రాక్షసబల్లులు అనటం అలవాటైపోయినది. ఇందులో రెండు మాటలూ సరిపడవు. డైనోసార్లు బల్లిజాతికి చెందినవి కావు. మొసళ్ళు, పక్షులు వాటికి బల్లులకంటె దగ్గరి చుట్టాలు. ఇక రాక్షస శబ్దం కోడిపుంజంత ప్రాణికి ఏమి అతుకుతుంది? కనుక ఇక్కడ డైనోసారు అనే మాటనే వాడటం మేలు.

చిన్న జంతువుల ఎముకలు అరుదుగా దొరకటానికి కారణం అవి తక్కువగా ఉండటం కాదు. ఏ అడవిలోనైనా ఏనుగులకంటె ఎలుకలు, ఉడుతలు, పిల్లులే ఎక్కువ. కాని చచ్చిన తరువాత ఏనుగు ఎముక మిగిలినట్లు ఎలుక ఎముక మిగలదు. 1908 సెప్టెంబరులో మూసీనదికి వచ్చిన వరద చాదర్‌ఘాట్ వంతెనను కూడా దెబ్బతీసినదన్న సంగతి హైదరాబాదు వారందరూ వినే ఉంటారు. అటువంటి వరద తీసిన తరువాత నదీతీరాన్ని ఊహించుకోండి. బరువైన రాతిదిమ్మెలు పడినచోటికి కొద్ది దూరంలోనే ఇసుకలో కూరుకొని ఉంటాయి. తేలికైన వస్తువులు ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయి. ఒక ఇంటి చెంబు, మరొక ఇంటి తలుపు ఒకే గుంటలో చేరి బురద క్రింద కప్పబడతాయి. నూరేళ్ళ తరువాత ఆ గుంటను త్రవ్వినవాడు అవన్నీ ఒకే ఇంటి సామాను అనుకుంటే ఆశ్చర్యం లేదు. కోట్ల సంవత్సరాల క్రిందటి నదులు ఎముకలను చేసినది కూడా ఇదే పని.

మాంసాహార డైనోసార్ల విషయంలో మరొక చిక్కు ఉన్నది. పరుగుకు అనువుగా వాటి ఎముకలు పలుచగా, లోపల డొల్లగా ఉంటాయి. ఎండకు బీటలు వారతాయి, కాలిక్రింద పడితే నలిగిపోతాయి, ఇతర మాంసాహారులు కొరికితే పొడి అవుతాయి. దంతాలు మాత్రం గట్టివి. డైనోసారు దంతాలు మన పాలపళ్ళవలె ఒక్కసారి ఊడి ఊరుకోవు; జీవితాంతం ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. అందుచేత ఒక్కొక్క జంతువు నుండి ఎన్నో దంతాలు మట్టిలో చేరుతాయి. చిన్న మాంసాహారులలో చాలావాటి ఉనికి మొట్టమొదట ఒక్క పంటి వలననే తెలియటానికి ఇదే కారణం.

కొన్ని సమయాలలో చిన్నప్రాణికి చిత్రమైన రక్షణ దొరుకుతుంది. మలేరి పొరలలో మొసలి ఆకారంలో ఉండే పారాసూకస్ అనే సరీసృపం అస్థిపంజరాలు రెండు దొరికినవి. వాటి పొట్ట ఉండే చోట మలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు ఉన్నవనీ, అవి ఆ జంతువుల చివరి భోజనమనీ శంకర్ ఛటర్జీ 1980లో వివరించారు. బయట చచ్చి ఉంటే చెల్లాచెదరై పోవలసిన ఎముకలు, మరొకదాని కడుపులో పడటం వలన ఒకచోట నిలిచినవి! మలేరిసారస్ డైనోసారు కాదు. కాని ఆ కాలపు చిన్నప్రాణుల శరీరం సమగ్రంగా మనకు చేరటానికి ఎంతటి అదృష్టం కావలెనో దాని వలన తెలుస్తుంది.

ఇక ఆ నేలను గురించి. ప్రాణహిత, గోదావరి నదుల వెంబడి వాయవ్యం నుండి ఆగ్నేయానికి ఒక పొడవాటి పల్లపు ప్రాంతం ఉన్నది. భూమి పైపొర పగిలి, మధ్యభాగం క్రుంగటం వలన అది ఏర్పడినది. క్రుంగిన కొద్దీ నదులు తెచ్చిన ఇసుక, బురద పొరలు పొరలుగా అందులో నిండుతూ వచ్చినవి. బెల్లంపల్లి, మందమర్రి గనులలో త్రవ్వే బొగ్గు అడుగు పొరలలోనిది. దానిపైన కొన్ని వేల అడుగుల ఇసుకరాళ్ళు, బంకమట్టి రాళ్ళు. వాటిలో ఒక ఎర్రని పొరల సముదాయానికి, ఆసిఫాబాదు ప్రాంతంలోని ఒక గ్రామం పేరుమీద, మలేరి అని పేరు వచ్చినది. దానిపైన ధర్మారం, ఆపైన కోట అనే పొరలు ఉన్నవి. మలేరి పొరల వయస్సు 23 కోట్ల సంవత్సరాల నుండి 22 కోట్ల సంవత్సరాల ప్రాంతం. భూచరిత్రలో దానిని ట్రయాసిక్ యుగం అంటారు. ఆనాడు ఖండాలన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉండేవి. భారతభూమి ఆఫ్రికాను ఆనుకొని, దాని ద్వారా దక్షిణ అమెరికాతో కలిసి ఉండేది. నేలమీద నడిచే జంతువుకు గోదావరి లోయ నుండి నేటి అర్జెంటీనాకు పోవటానికి సముద్రం అడ్డు లేదు.

మలేరి శిలాజాల సంగతి పందొమ్మిదవ శతాబ్దిలోనే లోకానికి తెలిసినది. నాగపూరులో క్రైస్తవ ప్రచారకుడుగా ఉండి భూగర్భశాస్త్రంలో కృషి చేసిన స్టీఫెన్ హిస్లాప్ ఈ ప్రాంతపు శిలాజాలను సేకరించాడు. ఆయన 1863లో ఒక వాగు దాటుతూ వరదలో కొట్టుకుపోయి మరణించాడు. ఇప్పుడు చెప్పిన పారాసూకస్ జాతికి హిస్లోపి అనే పేరు ఆయన స్మృతిచిహ్నమే. విలియం కింగ్ 1881లో ఈ లోయ భూగర్భ నిర్మాణాన్ని గురించి విపులమైన గ్రంథం ప్రకటించాడు. రిచర్డ్ లైడెక్కర్ ఎముకలను పరీక్షించి వర్ణించాడు. కాని వీరికి దొరికినవి చాలావరకు విడిముక్కలు. ఎముక ఏ పొరలో, ఏ స్థానంలో ఉన్నదో కొలిచి గుర్తించే క్రమబద్ధమైన సేకరణకు తరువాత చాలాకాలం పట్టినది. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, లండను విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన పమేలా రాబిన్‌సన్‌ను 1957లో ఆహ్వానించి, ఆమె సహాయంతో తన సంస్థలో భూగర్భశాస్త్ర విభాగాన్ని ప్రారంభించాడు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏమి పని అని అడగవచ్చును. చెదిరిన ముక్కల నుండి మొత్తం స్వరూపాన్ని ఊహించవలసినది గణాంకశాస్త్రమే గదా! ఎస్. ఎల్. జైన్, తపన్ రాయ్‌చౌధురి, టి. ఎస్. కుట్టి, శంకర్ ఛటర్జీ ఈ విభాగం తరఫున గోదావరి లోయలో పనిచేసిన వారే. బారాపాసారస్ అనే పెద్ద శాకాహారి డైనోసారును కూడా ఈ సంస్థవారే త్రవ్వి తీశారు. 1975లో దానికి టాగూరు పేరు కలిపి నామకరణం చేశారు.

పెద్ద డైనోసారును త్రవ్వటానికి బలం కావాలి, చిన్నదానిని వెదకటానికి ఓపిక కావాలి. వానకాలం వెళ్ళి, వాగులు ఇంకి, గడ్డి ఎండిన తరువాత సేకరణకు అనువైన సమయం. వానలకు ఎర్రమట్టి కోసుకుపోయి, వాగుల ఒడ్డులు బోడిగా తేలుతాయి. అన్వేషకులు వంగి, నేలను చూస్తూ, సాళ్ళు పట్టినట్లుగా నడుస్తారు. మొదటి రోజున కంటికి అన్నీ రాళ్ళే. సున్నపుగుళ్ళు, గవ్వరాళ్ళు, ఇసుకపలుకులు తప్ప మరేమీ తోచదు. కొన్నాళ్ళకు కన్ను అలవాటుపడుతుంది. విరిగిన అంచున తేనెపట్టులాంటి సన్నని రంధ్రాలు కనిపిస్తే అది ఎముక. నాలుకకు తాకిస్తే కొన్ని ఎముకలు అంటుకుంటాయి. ఇది పొలంలో పనిచేసేవారి పాత పరీక్ష, పరిశుభ్రతను గురించి పట్టింపు ఉన్నవారికి తగదు.

దొరికిన ముక్కను వెంటనే జేబులో వేసుకుంటే సగం పని చెడినట్లే. వాన దానిని పైనుండి క్రిందికి దొర్లించి ఉంటుంది. కనుక వాలు వెంబడి పైకి పోతూ, ఇతర ముక్కలు ఎక్కడ ఆగిపోయినవో చూడవలెను. అవి ఆగిన చోటనే ఎముక పుట్టిన పొర ఉంటుంది. ఆ చోటును పటంలో గుర్తించి, ప్రతి ముక్కకు అంకె వేసి, ఏది ఏ దిక్కుగా, ఎంత దూరంలో పడి ఉన్నదో బొమ్మ గీయాలి. తరువాతనే త్రవ్వకం. పలుగు, పారలతో కాదు. సన్నని ఉలి, దబ్బనం, కుంచెలతో. బీటలు వారిన ఎముకకు పలుచని జిగురు పట్టించి గట్టిపరుస్తారు. అప్పటికీ నిలవదనుకుంటే చుట్టూ ఉన్న మట్టితో సహా దిమ్మెగా కోసి, తడికాగితం పరచి, ప్లాస్టరులో ముంచిన గోనెపట్టీలు చుడతారు. విరిగిన చేతికి ఆసుపత్రిలో కట్టు కట్టినట్లే. ఆ కట్టు ప్రయోగశాలలో విప్పి, భూతద్దం క్రింద సూదితో రేణువు రేణువుగా మట్టి తొలగిస్తారు. చిన్న పుర్రె ఒక్కటి శుభ్రం కావటానికి నెలలు పట్టవచ్చును.

కంటికి ఆననంత చిన్నవాటికి మార్గం వేరు. ఎముకలు ఉన్నట్లు తోచిన మట్టిని బస్తాలకెత్తి, నానబెట్టి, ఒకదానికంటె ఒకటి సన్నని జల్లెడలలో కడుగుతారు. మిగిలిన మడ్డిని ఆరబెట్టి సూక్ష్మదర్శిని క్రింద గింజలు ఏరినట్లు ఏరుతారు. కోట పొరలలో తొలికాలపు క్షీరదాల దంతాలు బయటపడటానికి ఈ కడుగుడు పద్ధతి ఎంతో తోడ్పడినది. అదే కోట పొరల నుండి చిన్న మాంసాహార డైనోసార్ల దంతాలను జి. వి. ఆర్. ప్రసాద్, వర్షా పర్మార్ 2020లో ప్రకటించారు. కోటసారస్‌వంటి మహాకాయాల కాలంలో, అవే పొరలు ఏర్పడుతున్న వేళ, చిన్న వేటగాళ్ళు కూడా ఉండేవని ఈ దంతాలు సాక్ష్యం చెబుతున్నవి. వాటి తక్కిన శరీరం ఎట్లా ఉండేదో చెప్పే ఎముక ఒక్కటీ వాటితో లేదు.

ఇప్పుడు ఆల్‌వాకేరియా పెట్టెను తెరవవచ్చును. నెన్నెల సమీపాన మలేరి మట్టిలో దొరికిన ఈ ఎముకలకు సంస్థవారి జాబితాలో ఆర్ 306 అనే అంకె ఉన్నది. ముట్టె ముందుభాగపు దవడముక్కలు, కొన్ని పండ్లు, ఇరవై ఎనిమిది వెన్నుపూసల ముక్కలు, తొడ ఎముక, చీలమండ ఎముక — ఇంతే ఆస్తి. శంకర్ ఛటర్జీ 1987లో వీటిని వర్ణించి, ఇది మాంసాహార డైనోసార్ల వర్గానికి చెందిన అతి ప్రాచీన జాతి అని ప్రకటించారు. ట్రయాసిక్ సరీసృపాలపై పరిశోధనలు చేసిన ఆలిక్ వాకర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుని గౌరవార్థం దానికి వాకేరియా అని పేరు పెట్టారు. తీరా చూస్తే సముద్రంలో నాచువలె పెరిగే ఒక అల్పజీవికి ఆ పేరు ఎప్పుడో పెట్టి ఉన్నది. జంతుశాస్త్రంలో రెండు ప్రజాతులకు ఒకే పేరు చెల్లదు. ముందు పెట్టినవారిదే హక్కు. అందుచేత 1994లో ఛటర్జీ, బెన్ క్రైస్లర్ కలిసి, వాకర్ పూర్తిపేరులోని మొదటి అక్షరాలను కూడా కలిపి ఆల్‌వాకేరియాగా మార్చారు.

పేరు చిక్కు సులభంగానే తీరినది. ఒంటి చిక్కు తీరలేదు. క్రిస్టియన్ రెమెస్, ఓలివర్ రౌహుట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 2005లో ఈ ఎముకలను తిరిగి పరిశీలించి, ఇవన్నీ ఒక జంతువువి కావని అభిప్రాయపడ్డారు. దవడముక్కలు డైనోసారువి కాక వేరొక సరీసృపానివై ఉండవచ్చును. వెన్నుపూసలలో కొన్ని ఇంకొక దానివి కావచ్చును. తొడ ఎముక, చీలమండ మాత్రం డైనోసారువేనని వారి నిర్ణయం. అంటే వరదగుంటలో ఒక ఇంటి చెంబు, మరొక ఇంటి తలుపు కలిసినవన్నమాట.

తొడ ఎముక, చీలమండలకు అంత విలువ ఎందుకు? బల్లిని, మొసలిని చూడండి. వాటి కాళ్ళు ప్రక్కలకు చాచి ఉంటాయి. డైనోసారు కాళ్ళు శరీరం క్రింద స్తంభాలవలె నిలుస్తాయి. అందుకు తగినట్లు తొడ ఎముక తల లోపలివైపుకు వంగి, తుంటి ఎముకలోని రంధ్రంలో అమరుతుంది. చీలమండ ఎముక నుండి ఒక పలక పైకి లేచి పిక్క ఎముకను ముందునుండి పట్టుకుంటుంది. ఆ కీలు తలుపు బందువలె ముందుకు వెనుకకు మాత్రమే కదులుతుంది, పక్కలకు తిరగదు. పరుగెత్తే ప్రాణికి ఇది గొప్ప సదుపాయం. ఈ గుర్తులు ఉన్న ఎముక ఎంత చిన్నదైనా డైనోసారును పట్టి ఇస్తుంది. పండ్లు అట్లా కాదు. ఒకే ఆహారానికి అలవాటుపడిన వేర్వేరు జంతువులకు ఒకే రకం పండ్లు వస్తాయి.

దానితో ఆహారం ప్రశ్న కూడా మళ్ళీ మొదటికి వచ్చినది. ఆ దవడలో ముందు పండ్లు సన్నగా, నిటారుగా ఉన్నవి. ప్రక్కపండ్లు వెనుకకు వంగి ఉన్నవి. మాంసాహారుల పండ్ల అంచులకు సాధారణంగా ఉండే రంపపు కోతలు వీటికి లేవు. దీనిని బట్టి ఇది పురుగులు, చిన్నప్రాణులతో పాటు మొక్కలను కూడా తిని ఉండవచ్చునని కొందరు ఊహించారు. కాని దవడే దానిది కానప్పుడు ఈ ఊహకు ఆధారం ఏది? ఆల్‌వాకేరియాను పట్టికలలో మాంసాహారి అనో, సర్వభక్షకి అనో గీత గీసినట్లు వ్రాయటం తొందరపాటు. తొడ ఎముకను చూచి భోజనం చెప్పటం ఏ శాస్త్రజ్ఞుని తరమూ కాదు.

వెనుకటి సేకరణను తిరిగి చూడటం వలన సందేహాలే కాదు, లాభాలు కూడా కలుగుతాయి. మలేరి పై పొరలలో దొరికిన తుంటి ఎముకలు, వెన్నుపూసలు కొన్ని చాలాకాలంగా కలకత్తా సంస్థలో భద్రంగా ఉన్నవి. 2011లో ఫెర్నాండో నోవాస్, మార్టిన్ ఎజ్‌కుర్రా, ఛటర్జీ, కుట్టి కలిసి ఈ లోయ డైనోసార్లను గురించి ఒక వ్యాసం ప్రకటించారు. నంబాల గ్రామం పేరుతో నంబాలియా, జక్లపల్లి పేరుతో జక్లపల్లిసారస్ అనే రెండు జాతులకు అందులో నామకరణం జరిగినది. ఈ తుంటి ఎముకల ప్రస్తావన కూడా వచ్చినది గాని, వాటికి పేరు పెట్టలేదు. 2025లో ఎజ్‌కుర్రా, ఆయన సహచరులు వాటిని తిరిగి పరీక్షించి, అవి హెరెరాసారస్ వంశానికి చెందిన ఒక మాంసాహార డైనోసారువని తేల్చి మలేరిరాప్టర్ కుట్టియై అని పేరు పెట్టారు. ఎముకలను కనుగొన్న కుట్టిగారికి ఆ విధంగా గౌరవం దక్కినది.

హెరెరాసారస్ అర్జెంటీనా దేశపు డైనోసారు. మేకలు కాచుకొనే విక్టోరినో హెరెరా అనే ఆయన దాని ఎముకలను మొదట చూచి చెప్పినందున, 1963లో ఆ పేరు వచ్చినది. దాని బంధువు గోదావరి లోయలో ఉండటం పైన చెప్పిన భూఖండాల కలయికకు చక్కగా సరిపోతున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మలేరి క్రింది పొరలలో రింకోసార్లు అనే ముక్కు వంగిన శాకాహార సరీసృపాలు విస్తారంగా దొరుకుతాయి. పై పొరలకు వచ్చేసరికి అవి మాయమవుతాయి. ఆ జంతువులు నశించిన తరువాత కూడా ఈ వేటగాళ్ళు ఇక్కడ బ్రతికి ఉన్నారని మలేరిరాప్టర్ వలన తెలిసినది. ఈ సంగతి చెప్పగలగటానికి కారణం ఆ ఎముకలు పై పొరలోవా, క్రింది పొరలోవా అనేది సేకరించిననాడే వ్రాసి ఉంచటం. ఆ ఒక్క వాక్యం లేకపోతే, అవి తుంటి ఎముకలు మాత్రమే అయ్యేవి.

రెబ్బెన, నెన్నెల, వేమనపల్లి ప్రాంతాలలో పశువుల కాపరులకు, పత్తిచేలలో పనిచేసేవారికి ఇప్పటికీ అప్పుడప్పుడు బరువైన, ఎముకవంటి రాయి తటస్థపడవచ్చును. దానిని పగులగొట్టి చూడటం గాని, ఇంటికి తెచ్చి గూట్లో పెట్టటం గాని మంచిది కాదు. ప్రక్కన ఒక నాణెమో, పెన్సిలో పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకొని, సమీపంలోని కళాశాల భూగర్భశాస్త్ర అధ్యాపకులకో, హైదరాబాదులోని భూగర్భ సర్వేక్షణ కార్యాలయానికో తెలిపితే సరిపోతుంది. ఆలస్యం కూడా పనికిరాదు. ఈ ఏడు బయటపడిన సన్నని ఎముక వచ్చే ఏటి తొలకరికి వాగుపాలవుతుంది.

ఆల్‌వాకేరియా వివాదం తీరటానికి కావలసినది పెద్ద త్రవ్వకం కూడా కాదు. దవడ, వెన్ను, తొడ ఒకదానికొకటి అతికి ఉన్న చిన్న అస్థిపంజరం ఒక్కటి అదే ఎర్రమట్టిలో దొరికితే చాలు. ఆర్ 306 పెట్టెలోని ముక్కలను దాని ప్రక్కన పెట్టి, ఏది దానిదో, ఏది కాదో ఒక్కపూటలో తేల్చవచ్చును.